ముక్కాలు నీరు, అర నీరు

రేపు పరీక్ష అంటూ జువైనా నా వెంట వచ్చింది,
చంకలో పుస్తకం, చేతిలో ఫోను దీపం.
"దీపం ఆర్పెయ్, చుక్కలు కనబడవు" అన్నాను.

మా ఊరి ఫలజ్‌కు నేను అరీఫ్‌ని, నీరు పంచేవాణ్ణి.
ఒమాన్ కొండ కడుపులోంచి ఒకే ఒక్క కాలువ,
దాని మీద బతికే ఖర్జూర తోటలు.
అరగంట పారితే ఒక అథర్. రాత్రికి ఇరవై నాలుగు.
ఇప్పుడందరి చేతికీ గడియారాలున్నాయి.
నాకు మాత్రం సురయ్యా గుంపు ఆ గుట్ట దాటాలి.

నీరు పల్లమెరుగు. వాటా ఎవరెరుగు?
నలభై ఏళ్ళుగా నేనెరుగుదుననుకుంటున్నాను.

"అకరణీయ సంఖ్యలు" అంది జువైనా,
చేదు మందు పేరు చెప్పినట్టు.
అంటే ఏమిటంటే కాసేపు నీళ్ళు నమిలింది.
"పైన ఒక పూర్ణసంఖ్య, కింద ఒక పూర్ణసంఖ్య.
కింద మాత్రం సున్నా రాకూడదు."

సరే, చూడు.
నస్రాది ముక్కాలు అథర్, ఆమె మరిది ముహన్నాది అర.
ముందు ఆమెకు వదిలినా, ముందు అతనికి వదిలినా
నేను ఒకటింపావుకి లేచి మడవ మారుస్తాను.
"స్థిత్యంతర ధర్మం!" అని అరిచింది.
పేరు బాగుంది.
మా నాన్న 'ఎవరు ముందైతే ఏం' అనేవాడు.

కానీ అర వాటావాడు ముక్కాలు వాడుకుంటే?
ముక్కాల్లో అర పోతే పావు మిగులు,
అరలో ముక్కాలు పోతే పావు అప్పు.
తీసివేతకి ఎవరు ముందో కావాలి.
నీ పుస్తకం దానికి చిన్న అడ్డగీత పెడుతుంది,
ముహన్నా ముఖం పక్కకి పెడతాడు.
వచ్చే వంతులో ఆ పావు తిరిగొస్తే నా పద్దులో సున్నా.
సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదమ్మా,
తగువు తీరడం.

ఇద్దరూ తమ నీటిలో మూడో వంతు బర్గష్‌కి కౌలుకిచ్చారు.
ఆమె నుంచి పావు, అతని నుంచి ఆరో వంతు,
కలిపితే పన్నెండింట అయిదు.
ఒకటింపావులో మూడో వంతు తీసినా అంతే.
నమ్మక రెండుసార్లు చేసింది. చేయనీ.

"కింద సున్నా ఎందుకు రాకూడదు తాతా?"
వరదకి కొట్టుకుపోయిన సులైమ్ తోట చూపించాను.
వాటా ఉంది, రెండు అథర్లు.
చెట్టు ఒక్కటీ లేదు.
చెట్టుకెంత నీరో చెప్పు?
చాలాసేపు చూసింది. పెన్సిలు కదల్లేదు.
కరువు ఏడాది అలా కాదు:
లేని నీటిని ఎనిమిది ఇళ్ళకి పంచాను,
ఇంటికి సున్నా చొప్పున, ఎవరూ గొడవపడలేదు.

చివరి తోట బీబీ రయ్యాది.
అక్కడికి చేరేలోపు పగుళ్ళు మూడో వంతు తాగేస్తాయి.
అందుకని ఆమె ఒక అథర్‌కి ఒకటిన్నర వదులుతాను.
"మూడింట రెండు, రెండింట మూడు... గుణిస్తే ఒకటి!
తలకిందులు చేస్తే చాలు, విలోమం!"
పుస్తకాన్నే తలకిందులుగా పట్టుకుని నవ్వింది.

సహచర ధర్మం దగ్గర ఆవులించి
దాన్ని తెల్లవారుజాముకి వదిలేసింది.
ఏ రెండు సంఖ్యల మధ్యనైనా ఇంకొకటి ఉంటుందట,
ఆ రెండు చుక్కల మధ్య కూడా ఉంటుందా అని అడిగి
జవాబు వినకుండా రాత్రంతటి వాటాలూ కూడడం మొదలెట్టింది.

చాలాసేపు నీటి చప్పుడొక్కటే.

"ఇరవై నాలుగు రావాలి తాతా,
ఇరవై నాలుగున్నర వస్తోంది.
నీ కాకి లెక్కలో అర ఎక్కడిది?"
మళ్ళీ కూడింది. వేలు రయ్యా పేరు మీద ఆగింది,
తర్వాత మన పేరు మీద.
"మనదొక అథర్ అని రాశావు.
పారేది అరే కదూ?"

ఈసారి నీళ్ళు నమిలింది నేను.

ఏమీ అనలేదు పిల్ల.
మన పేరు పక్కన ఒకటి కొట్టేసి
అర అని రాసింది, శుభ్రంగా,
కింద గీతతో సహా.
గుట్ట మీద సురయ్యా వాలుతోంది.
"మడవ నేను మారుస్తాను" అంది, లంగా ఎత్తి దోపుకుని.